వేరే గ్లాసు

మీ ఇంట్లో గ్లాసులు ఎన్ని ఉన్నాయో ఎప్పుడైనా లెక్కపెట్టారా? పెళ్లికి పుట్టింటివాళ్లు పెట్టిన వెండి గ్లాసులు బీరువాలో ఉంటాయి. చుట్టాలొస్తే తీసే మంచి స్టీలు గ్లాసులు పై అరలో ఉంటాయి. రోజూ కాఫీకీ మజ్జిగకీ వాడుకునేవి స్టాండులో ఉంటాయి. ఇవి కాక ఇంకొకటి ఉంటుంది చూడండి, పెరటి గోడ గూట్లోనో, నీళ్ల తొట్టి గట్టు మీదో బోర్లించి! అంచు సొట్టపోయిన గ్లాసో, పిడి విరిగిన కప్పో. అది ఎవరి కోసమో ఇంట్లో ఎవరికీ చెప్పక్కర్లేదు. మూడేళ్ల పిల్లకి కూడా తెలుసు.

"అబ్బే, కులం పట్టింపు కాదండీ, శుభ్రం కోసం" అంటారు చాలామంది. సరే, శుభ్రం కోసమే అనుకుందాం. మరి పై అరలో గ్లాసులూ, స్టాండులో గ్లాసులూ తోమి బోర్లించేది ఎవరు? పనిచేసే ఆ అమ్మాయే కదా! ఆమె తోమిన గ్లాసులో మనం తాగొచ్చు. మనం తాగే గ్లాసులో ఆమె తాగకూడదు. ఇందులో శుభ్రం ఎక్కడుందో నిదానంగా ఆలోచిస్తే మనకే నవ్వొస్తుంది.

ఈ వారం వంటల సంగతి మిగతా పేజీలకి వదిలేసి ఈ గ్లాసు గురించి మాట్లాడుకుందాం. మన రాచర్ల, గిద్దలూరు, కంభం, మార్కాపురం పల్లెల్లో ఈ పట్టింపు ఎక్కడ సడలిందో, ఎక్కడ సడలలేదో చూద్దాం. ఈ కథలో చర్చీలూ, బైబిలూ తరచుగా వస్తాయి. మీరు ఏ దేవుడి ముందు దీపం పెట్టుకున్నా పరవాలేదు, కథ మాత్రం మన వంటింటిదే.

గుండ్లకమ్మ మనకి కొత్త కాదు. నల్లమలలో పుట్టి, మన రాచర్ల మండలంలో నెమలిగుండ్ల రంగనాయకస్వామి గుడి దగ్గర గుండంలోకి దూకి, కంభం చెరువుని నింపి, తూర్పుకి సాగిపోతుంది. రంగనాయకస్వామికి మొక్కుకుని ఆ నీళ్లు నెత్తిన చల్లుకున్నవాళ్లు మనలో ఎంతమందో! అదే ఏరు ఒంగోలుకి ఉత్తరాన వెల్లంపల్లి చేరాక, 1878 జూలై 3న ఒక్క రోజులోనే 2,222 మంది అందులో మునిగి బాప్తిస్మం తీసుకున్నారు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని నీళ్లలో నిలబడి ఆ పని నడిపించారు. మునిగినవాళ్లలో చాలామంది మాదిగవాళ్లు, చెప్పులు కుట్టుకునే, తోళ్లు ఊనే, పొలాల్లో కూలి చేసుకునే కుటుంబాలవాళ్లు.

"కరువులో గంజి పోశారని మతం మారారు" అని ఇప్పటికీ అంటూ ఉంటారు. ఈ మాట మీరూ వినే ఉంటారు. జరిగింది కాస్త వివరంగా చెప్పుకోవాలి. 1876 నుంచి 1878 దాకా దక్షిణ దేశమంతా ఘోరమైన కరువు. పెద్దవాళ్లు ధాత కరువు అంటారే, అదే. అప్పుడు ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, బకింగ్‌హామ్ కాలవ తవ్వకంలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తీసుకున్నాడు. దొరగారు ఇక్కడికి రాకముందు అమెరికాలో సర్వేయరుగా పనిచేసినవాడు లెండి, ఆ పని తెలుసు. అలా వేలమందికి కూలి దొరికింది. అయితే కరువు సాయం నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. తిండి కోసం వస్తున్నారన్న మాట రాకూడదని, ఎంతమంది వచ్చి అడిగినా ఏడాదికి పైగా ఒప్పుకోలేదు. సాయం ముగిశాకే వెల్లంపల్లి దగ్గర ఆ జనం గుమిగూడారు. కరువులో ఆదుకున్నవాళ్ల మీద నమ్మకం కుదరడం సహజమే, కాదనను. కానీ గంజి నీళ్లకే మారేవాళ్లయితే గంజి ఆగిపోయాక రారు కదా!

అసలు కథ అంతకు పన్నెండేళ్ల ముందు మొదలైంది. కనిగిరి వైపు తాళ్లకొండపాడులో ఎర్రగుంట్ల పేరయ్య అనే తోళ్ల వ్యాపారి ఉండేవాడు. మాదిగ ఇంట పుట్టినవాడు. తోళ్లు కొనడానికి ఏలూరు వైపు వెళ్లినప్పుడు మిషనరీల మాటలు విన్నాడు. ఇంటికొచ్చి భార్య నాగమ్మకి చెప్పాడు. ఇద్దరూ 1866లో ఒంగోలు వెళ్లి బాప్తిస్మం తీసుకున్నారు. ఇక్కడ నాగమ్మని మనం మర్చిపోకూడదు. మొగుడు ఊళ్లు తిరిగొచ్చి చెప్పిన కొత్త మాటని నమ్మి, పల్లెలో నలుగురి నోళ్లూ తట్టుకుని నిలబడడం ఎంత కష్టమో మనకి తెలుసు. పుస్తకాల్లో ఆమె గురించి రాసింది చాలా తక్కువ.

అప్పట్లో ఒంగోలులో పెద్ద కులాలవాళ్లు కూడా కొందరు క్లౌ దగ్గరికి వచ్చేవాళ్లు. ఆయన చెప్పేదంతా శ్రద్ధగా వినేవాళ్లు. ఇంతలో పేరయ్య వెనకాల మాదిగవాళ్లు గుంపులుగా రావడం మొదలైంది. పెద్ద కులాలవాళ్లు ఖచ్చితంగా చెప్పేశారు: వాళ్లని చేర్చుకుంటే మేం రాం. పాపం, దొరకి పెద్ద చిక్కే వచ్చిపడింది. చదువూ డబ్బూ ఉన్న నలుగురు వస్తే ఊరంతా వస్తుందని ఎవరికైనా ఆశ ఉంటుంది కదా. ఆ సాయంత్రం తన గదిలో కూర్చుని చేతికందిన బైబిలు తెరిచాడు. కొరింథీయులకు పౌలు రాసిన మొదటి ఉత్తరంలో మొదటి అధ్యాయం కంటపడింది. దేవుడు పిలిచింది లోకం గొప్పవాళ్లనుకునేవాళ్లని కాదు, లోకం ఎందుకూ కొరగారని తోసేసినవాళ్లనే అన్న అర్థం వచ్చే భాగం అది. అదే సమయానికి ఆయన భార్య హారియెట్, ఇంట్లో మరో చోట, ఒకరికొకరు చెప్పుకోకుండానే, అదే భాగం చదువుకుంటోంది. తర్వాత ఇద్దరూ మాట్లాడుకుంటే సంగతి బయటపడింది. క్లౌ ఈ సంగతి తన జీవిత కథలో చెప్పుకున్నాడు. దైవ నిర్ణయమని ఆయన నమ్మాడు. మీరు కాకతాళీయం అనుకున్నా అనుకోండి. నాకు మాత్రం ఆ ఇంట్లో భార్యాభర్తలు ఇద్దరూ ఒకే లెక్కకి వచ్చారన్నది ముఖ్యం. దొర ఒక్కడూ నిర్ణయించి, దొరసాని గుమ్మం దగ్గర ముక్కు మూసుకుని నిలబడితే ఆ పని సాగేదా? పట్టింపులు పోవాలంటే ముందు ఇంటి ఇల్లాలు ఒప్పుకోవాలి. ఇది మగవాళ్లకి అర్థం కాదు.

బైబిల్లో ఈ తిండి పట్టింపు మీదే ఒక కథ ఉంది. అపొస్తలుల కార్యముల పదో అధ్యాయం. యేసు శిష్యుల్లో ముఖ్యుడు పేతురు. యూదుడు కాబట్టి ఏది తినాలి, ఏది తినకూడదు, ఎవరింట్లో కాలు పెట్టకూడదు అన్న ఆచారాలు నిష్ఠగా పాటించేవాడు. మన మడికి ఏమాత్రం తీసిపోదు ఆ నిష్ఠ. ఒకరోజు యొప్పే అనే ఊళ్లో, మిట్టమధ్యాహ్నం, ఇంట్లో వంట అవుతుంటే మిద్దె మీద ప్రార్థన చేసుకుంటున్నాడు. ఆకలిగా ఉంది. అప్పుడొక దర్శనం. ఆకాశం నుంచి పెద్ద దుప్పటి లాంటిది దిగింది. దాన్నిండా ఆయన ఎన్నడూ ముట్టని జంతువులు. చంపుకుని తినమని గొంతు వినిపిస్తుంది. ఛీ, నేనెప్పుడూ మైలది తినలేదు అంటాడు పేతురు. దేవుడు శుద్ధి చేసినదాన్ని నువ్వు మైల అనకూడదని జవాబు. ఇలా మూడుసార్లు. ఏమిటా అని ఆయన ఆలోచిస్తుండగానే కొర్నేలి అనే రోమా సైనికాధికారి మనుషులు వాకిట్లో నిలబడ్డారు, తమ ఇంటికి రమ్మని. యూదుడు అడుగు పెట్టని ఇల్లది. పేతురు వాళ్లని లోపలికి పిలిచి ఆతిథ్యమిచ్చి, మర్నాడు వాళ్లతో బయల్దేరాడు. ఏ మనిషినీ మైల అనకూడదని దేవుడు నాకు చూపించాడని కొర్నేలి ఇంట్లో అందరి ముందూ చెప్పాడు.

ఈ కథని చర్చీలో ఎన్నోసార్లు విన్నవాళ్లు కూడా ఒక చిన్న సంగతి గమనించరు. ఆ మధ్యాహ్నం పేతురు ఉన్నది ఎవరింట్లో అనుకున్నారు? సీమోను అనే చర్మకారుడి ఇంట్లో! సముద్రం ఒడ్డున ఇల్లు. చచ్చిన పశువుల తోళ్లు ఊనే పని కాబట్టి యూదుల్లో కూడా ఆ వృత్తిని తక్కువగానే చూసేవాళ్లు. ఆ ఇంట్లో పేతురు కోసం వంట అవుతోంది. తోళ్ల వ్యాపారం చేసిన మన పేరయ్యా, తోళ్లు ఊనుకుని బతికిన ఆ సీమోనూ ఎదురుపడితే వృత్తి కష్టసుఖాలు చెప్పుకునేవాళ్లు. మాదిగపల్లెలో ఈ అధ్యాయం చదివినప్పుడు జనం దాన్ని తమ కథగా విన్నారంటే వింతేముంది?

అయితే పేతురు కథ అక్కడితో అయిపోలేదు. అంతియొకయ అనే ఊళ్లో ఆయన యూదులు కానివాళ్లతో హాయిగా కలిసి భోంచేస్తూ వచ్చాడు. ఇంతలో యెరూషలేము నుంచి కొందరు ఆచారపరులు వచ్చారు. అంతే, మెల్లిగా పంక్తి మార్చేశాడు! వాళ్లేమనుకుంటారో అని భయం. పౌలు ఊరుకోలేదు, అందరి ముందే ముఖాముఖీ నిలదీశాడు. గలతీయులకు రాసిన ఉత్తరంలో ఆ ముచ్చటంతా ఉంది. చదువుతుంటే నాకు మన ఇళ్లే గుర్తొస్తాయి. మామూలు రోజుల్లో పనమ్మాయికి స్టాండులో గ్లాసుతోనే కాఫీ ఇస్తాం. ఊరి నుంచి అత్తగారో, పెద్దాడబిడ్డో వచ్చారనగానే గూట్లో గ్లాసు మళ్లీ దిగుతుంది. ఆ అమ్మాయి కూడా ఏమీ అనదు, గ్లాసు అందుకుని పెరటి మెట్టు మీదికి జరుగుతుంది. కానీ అన్నీ గమనిస్తుంది.

మరి చర్చీల్లో ఈ పట్టింపులు పోయాయా? పోలేదు. ఉన్నమాట ఒప్పుకోవాలి. మన ప్రాంతంలో రెండు మిషన్లు పనిచేశాయి. 1882లో కంభంలోనూ, 1895లో మార్కాపురంలోనూ అమెరికన్ బాప్టిస్టులు కేంద్రాలు పెట్టారు. వాళ్ల సంఘాల్లో మాదిగవాళ్లు ఎక్కువ. నంద్యాల, ముత్యాలపాడు, కలసపాడు, గిద్దలూరు వైపు ఇంగ్లండు నుంచి వచ్చిన ఎస్.పి.జి. మిషను. వాళ్ల సంఘాల్లో మాలవాళ్లు ఎక్కువ. ఊరంతా కలిసి ఈ ఇద్దరినీ దూరం పెడితే, వీళ్లిద్దరూ ఒకరినొకరు దూరం పెట్టుకున్నారు! వేరే పల్లెలు, వేరే బావులు, మాట వేరు, పొత్తు లేదు. చర్చీ పేరు వేరు కావడంతో పాత గీత మీద కొత్త సున్నం వేసినట్టయింది. ఇప్పటికీ పేపర్లలో పెళ్లి ప్రకటనలు చూడండి. క్రైస్తవ సంబంధం కావాలంటూనే పక్కనే కులం పేరు ఉంటుంది. పైకులాల నుంచి వచ్చిన క్రైస్తవుల ప్రకటనలు మరీనూ.

తమిళ దేశంలో ఈ గొడవ ఇంకా ముందే మొదలైంది. తంజావూరు, మద్రాసు సంఘాల్లో కులాలవారీగా వేరువేరుగా కూర్చోవడం, ప్రభువు బల్ల దగ్గరికి ముందూ వెనకాగా రావడం ఉండేవి. 1833లో కలకత్తా బిషప్పు డేనియల్ విల్సన్ ఇకమీదట చర్చీలో కుల భేదం వెంటనే, పూర్తిగా మానాలని ఉత్తరువిచ్చాడు. చాలామంది వెళ్లాళ క్రైస్తవులు చర్చీ వదిలిపోయారు. 1847లో మదురైలోని అమెరికన్ మిషను మరో అడుగు ముందుకేసింది. కింది కులంవాళ్లు వండిన భోజనం అందరితో కలిసి తింటేనే మిషనులో ఉద్యోగం అంది. ఉద్యోగాలు వదులుకున్నవాళ్లు వదులుకున్నారు. నన్నడిగితే బలవంతపు ముద్ద ఎవరికీ వంటబట్టదు. అలాగని ఎవరూ ఏమీ అనకపోతే వందేళ్లయినా గూట్లో గ్లాసు గూట్లోనే ఉంటుంది. ఈ రెండింటి మధ్య దారి వెతుక్కోవడం కష్టమే.

చర్చీలో కులం సంగతి ఒకటైతే, దొరల పట్టింపు ఇంకొకటి. 1910లో స్కాట్లండులోని ఎడింబరోలో ప్రపంచ మిషనరీల మహాసభ జరిగింది. తమిళ దేశం నుంచి వచ్చి దోర్నకల్‌లో తెలుగువాళ్ల మధ్య పనిచేస్తున్న వి.ఎస్. అజరయ్య లేచి, మిషనరీలు ఎన్నో ఏళ్లు కలిసి పనిచేసే భారతీయులని కూడా భోజనానికి పిలవరని ఎత్తిచూపాడు. మీరు చేసిన త్యాగాలు మరువం, కానీ మాకు కావాల్సింది స్నేహితులు అన్నాడు. దొరలకి మంట పుట్టిందట! రెండేళ్ల తర్వాత, 1912లో ఆయన దోర్నకల్‌కి బిషప్పయ్యాడు, ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్పు. తర్వాత మన నంద్యాల, గిద్దలూరు సంఘాలు కూడా ఆ డయోసిస్ కిందికి వచ్చాయి. ఆంగ్లికన్ చర్చీలో ప్రభువు బల్ల దగ్గర అందరికీ ఒకే గిన్నె. ఒకరు తాగిన అంచునే తుడిచి పక్కవాళ్లకి అందిస్తారు. మాల, మాదిగ, దొర, దొరసాని, ఎవరైనా సరే. ఆలోచించండి, పక్క పల్లెవాడు తోడిన బావి నీళ్లు కూడా ముట్టనివాళ్లకి ఆ గిన్నె ఎంత పెద్ద పరీక్షో! నెగ్గినవాళ్లున్నారు, నెగ్గనివాళ్లూ ఉన్నారు.

నీళ్ల మాట వచ్చింది కనక సమరయ స్త్రీ గురించి చెప్పుకోవాలి. యోహాను సువార్త నాలుగో అధ్యాయంలో ఉంది ఆమె కథ. ఎండవేళ ఒంటరిగా కడవ పట్టుకుని యాకోబు బావి దగ్గరికి వస్తుంది. అక్కడ ప్రయాణం చేసి అలసిపోయి కూర్చున్న యేసు, దాహానికి ఇమ్మంటాడు. ఆమె ఆశ్చర్యపోతుంది. యూదులు సమరయులతో పొత్తు పెట్టుకోరు, వాళ్ల గిన్నెలు ముట్టరు. పై కులం మనిషి కింది కులం మనిషికి నీళ్లు పోసి పుణ్యం కట్టుకున్నానని చెప్పుకునే కథలు మనకి చాలా ఉన్నాయి. ఇక్కడ అటుదిటైంది. పెద్దగా చూడబడేవాడు చెయ్యి చాచి అడుగుతున్నాడు, ఆమె కడవలో నీళ్లు ఆమె చేత్తోనే. మాటల్లో పడి ఆమె కడవ అక్కడే వదిలేసి ఊళ్లోకి పరిగెత్తింది. ఆ ఊరివాళ్లు ఆయన్ని ఉండమన్నారు. రెండు రోజులు వాళ్ల మధ్యే ఉన్నాడు. రెండు రోజులున్నాడంటే వాళ్ల వంటే కదా తిన్నది!

మన జిల్లాలో కూడా ఒక కడవ కథ ఉంది. కారంచేడు, ఇప్పుడు బాపట్ల జిల్లాలోకి పోయింది కానీ అప్పుడు ప్రకాశమే. 1985 జూలైలో మాదిగపల్లె మంచినీళ్ల చెరువు దగ్గర పై కులం కుర్రాళ్లు గేదెల కుడితి బకెట్లు కడుగుతుంటే, తాగే నీళ్లు పాడవుతున్నాయని అడ్డం చెప్పారు. నీళ్లకొచ్చిన మున్నంగి సువార్త తన మీదికి వచ్చినవాళ్లకి బిందె ఎత్తి ఎదురు నిలబడింది. మర్నాడు, జూలై 17న, పల్లె మీద పడి ఆరుగురిని చంపేశారు. ఆమె పేరు చూశారా, సువార్త! ఆ పేరు పెట్టుకున్న పల్లెలో ప్రతి ఆదివారం సమరయ స్త్రీ కథ చదివి ఉంటారు, ఊరవతలివాళ్లు ఆ కథ వినలేదు. అస్పృశ్యత నేరమని రాజ్యాంగం 1950లోనే చెప్పింది. అయినా 2001 ప్రాంతంలో జస్టిస్ పున్నయ్య కమిషను తిరిగి చూస్తే మన రాష్ట్రంలో హోటళ్లలో రెండు గ్లాసుల పద్ధతి ఇంకా ఉందని తేలింది.

ఇక మన ఊళ్లలో నీళ్ల కరువు మీకు తెలియంది కాదు. బోర్లలో ఫ్లోరైడు నీళ్లు, ఎండాకాలం వచ్చిందంటే ట్యాంకరు కోసం ఎదురుచూపులు. ఇప్పుడు చాలా ఊళ్లలో ప్లాంటు నీళ్లే తాగుతున్నాం. గమ్మత్తేమిటంటే ప్లాంటు దగ్గర అందరి క్యాన్లూ ఒకే కుళాయి కింద నిండుతాయి. ఏ క్యాను ఏ పల్లెదో కుళాయి అడగదు. ఎన్ని ప్రసంగాలు చేసినా కానిది ఇరవై లీటర్ల క్యాను చేసింది! కానీ క్యాను ఇంటికి వచ్చాక అందులోంచి నీళ్లు ఏ గ్లాసులోకి పోస్తామన్నది మాత్రం మన చేతిలోనే ఉంది.

ఇప్పుడు అరిసెల సంగతికి వద్దాం. క్రిస్మస్‌కి పాలెం నుంచి, లేదా పక్క వీధి నుంచి, తెలిసినవాళ్లు పళ్లెంలో అరిసెలూ కజ్జికాయలూ పెట్టి, పైన కొత్త చేతిగుడ్డ కప్పి తెచ్చిస్తారు. మన పిండి వంటలే! బెల్లం పాకం, బియ్యప్పిండి, నువ్వులు, అన్నీ మనవే. నవ్వుతూ తీసుకుంటాం. వాళ్లు గుమ్మం దాటగానే కొందరిళ్లలో ఆ పళ్లెం గేదె తొట్టి దగ్గరికో, కూలీల దగ్గరికో వెళ్తుంది. పల్లెటూళ్లో ఏ మాట దాగుతుంది చెప్పండి? రెండో రోజుకల్లా వాళ్లకి తెలుస్తుంది. మరుసటి ఏడు కూడా తెస్తారు. ఎందుకు తెస్తారో ఎప్పుడైనా ఆలోచించారా? పండగ నాడు పొరుగువాళ్లకి పంచుకోవాలని వాళ్లకి ఉంటుంది. ఈసారైనా తింటారేమో అన్న ఆశా ఉంటుంది.

"మరి వాళ్లు మన ప్రసాదం పుచ్చుకోరు కదండీ?" అని మీరడగొచ్చు. సరైన ప్రశ్నే. చాలామంది క్రైస్తవులు దేవుడికి నైవేద్యం పెట్టింది తినరు. అది వాళ్ల నియమం. దీని మీద కొరింథులో ఆ రోజుల్లోనే పెద్ద తగువు నడిచింది. పౌలు ఏం చెప్పాడంటే, ఎవరైనా భోజనానికి పిలిస్తే వెళ్లి, వడ్డించింది ఆరా తీయకుండా తినండి, ఇది విగ్రహానికి అర్పించిందని ఎవరైనా చెబితే మాత్రం మానండి, అది కూడా ఎదుటివాళ్ల మనస్సు కోసం అని. నియమం వల్ల తినకపోవడం ఒకటి, వండిన చెయ్యి చూసి తినకపోవడం వేరొకటి. ఉపవాసం ఉన్న మనం పెళ్లింట్లో తినకపోతే వాళ్లు నొచ్చుకోరు. వాళ్ల చెయ్యి తగిలిందని తినలేదని తెలిస్తే జన్మలో మర్చిపోరు. ప్రసాదం విషయంలో క్రైస్తవ సోదరీమణులు కూడా ఒకటి చేయొచ్చు. ముఖం చిట్లించకుండా, చేతులు జోడించి, "మా నియమం అండీ, ఏమనుకోకండి, ఓ అరటిపండు ఇవ్వండి తింటాను" అంటే ఎంత బాగుంటుంది! అలా అనేవాళ్లు లేకపోలేదు.

బడిలో పిల్లల సంగతి కూడా చెప్పుకోవాలి. మన రాష్ట్రంలో మధ్యాహ్న భోజనం 2003 నుంచి వేడివేడిగా వడ్డిస్తున్నారు. 2004లో సుప్రీంకోర్టు, వంటవాళ్ల నియామకంలో దళితులకి ప్రాధాన్యం ఇవ్వమని చెప్పింది. దేశంలో చాలా చోట్ల పిల్లల్ని తల్లిదండ్రులు బడి నుంచి తీసుకుపోయారు, ఆ చేతి వంట తినరని. పిల్లలకి తెలుసా కులం? పళ్లెంలో పప్పు చూస్తారు, గుడ్డు చూస్తారు. ఇంటి నుంచి నేర్చుకున్నదే బడికి తీసుకెళ్తారు. 2024 నుంచి మన రాష్ట్రంలో ఈ పథకానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. గోదావరి లంకల్లో, లంకల గన్నవరంలో, వేళ కాని వేళ వచ్చిన ఎవరికైనా, కులం అడక్కుండా వండి పెట్టిన బ్రాహ్మణ ఇల్లాలు. 1909లో పోయారు. ఆమె బైబిలు చదివి చేయలేదు, ఆకలి చూసి చేశారు. పేతురుకి ఆకాశం నుంచి దుప్పటి దిగితే గానీ తెలియనిది ఆమెకి ఆవిరి పొయ్యి దగ్గరే తెలిసింది.

ఇంతకీ ఆ గూట్లో గ్లాసు సంగతి. దీనికి సభ పెట్టి ప్రకటించక్కర్లేదు. ఓ రోజు ఆ గ్లాసు తీసి పాత సామాన్లవాడికి వేసేయండి. మర్నాడు కాఫీ స్టాండులో గ్లాసుతో ఇవ్వండి. ఆ అమ్మాయి "వద్దమ్మా, నా గ్లాసు ఉండాలే" అంటుంది, వెతుకుతుంది. బలవంతం చేయొద్దు, ఉపన్యాసం అసలొద్దు. "అది పోయిందిలే, ఇందులో తాగు" అనండి చాలు. ఆమె భయం మీ మీద కాదు, మీ అత్తగారి మీద. అత్తగారు నసుగుతారు, ఒప్పుకుంటాను. పెద్దావిడ మనసు కష్టపెట్టకుండా ఆవిడ మంచినీళ్ల చెంబు ఆవిడకి విడిగా ఉంచండి. పూజకి ఉండే చెంబు పూజకే ఉంటుంది, దానికెవరూ అడ్డు చెప్పరు. కానీ ఆవిడ ఊరెళ్లాక ఒకలా, ఊరి నుంచి వచ్చాక ఒకలా చేయకండి. రెండో నాటికి ఆ అమ్మాయి మళ్లీ పెరటి మెట్టు మీదికి జరిగిపోతుంది, ఈసారి పిలిచినా రాదు.

అరిసెల పళ్లెం ఖాళీగా తిరిగి ఇవ్వకూడదంటారు కదా మన పెద్దవాళ్లు. సంక్రాంతి దాకా ఆగక్కర్లేదు. ఇంట్లో ఉన్న నువ్వులుండలు నాలుగో, చలిమిడి ముద్దో, అదీ లేకపోతే వేయించిన వేరుశనక్కాయలు గుప్పెడో వేసి, ఆ చేతిగుడ్డే ఉతికి మడిచి కప్పండి. పిల్లాడి చేత పంపకుండా మీరే తీసుకుని వెళ్లండి. వాళ్లు కంగారుపడి కుర్చీ తుడిచి వేస్తారు. కూర్చోండి. లోపలికి వెళ్లి ఉన్నవాటిలో మంచి గ్లాసు వెతికి, కడిగి, మంచినీళ్లు తెస్తారు. తాగండి.